అమ్మ సీసా అడుగు

జ్యేష్ఠ శుద్ధ తదియ. ఎండ బాగుంది, యంత్రం నడిచింది.

ఒకటో తొట్టి అరవై ఎనిమిది. రెండో తొట్టి డెబ్బై రెండు. మూడో తొట్టి డెబ్బై. ఎనభై దాటకూడదు, దాటలేదు. మూడింటికీ ఆకుపచ్చ జెండాలు కట్టి వచ్చాను.

ప్రయోగశాల దినచర్యలో ఇంతవరకే రాయాలని కూర్మారావు మాస్టారి నియమం. ఆయన నాకు పని నేర్పిన గురువు, ఈ గదికి పెద్ద. అయితే ఆయనకు చత్వారం ముదిరింది, నా అక్షరాలేమో చీమ తలకాయలంత. కాబట్టి మిగతా పేజీ నాది. మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు తిండి సహించదు.

ఉప్పాకు మా వలల మీద ఎంత కావాలంటే అంత పెరుగుతుంది, సముద్రపు నీళ్ళే దానికి చాలు. కానీ దాని ఒంటి నిండా ఆక్సాలిక్ ఆమ్లం. మేం ఆకు ఆమ్లం అంటాం. తొట్లలో పులియబెడితే చాలావరకు పోతుంది. పోకుండా మిగిలింది తిన్నవాళ్ళ మూత్రపిండాల్లో రాయి కడుతుంది. ఎంత మిగిలిందో చెప్పడమే నా ఉద్యోగం. తొట్టి రసం ఒక చుక్క యంత్రంలోకి ఎక్కిస్తే సన్నటి గొట్టం గుండా పాకి, అందులోని ఆమ్లాలు ఒక్కొక్కటే తన సమయానికి తను బయటికి వస్తాయి. తెర మీద ఒక్కోదానికి ఒక్కో గుట్ట లేస్తుంది. గుట్ట పెద్దదైతే ఆమ్లం ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది యంత్రానికి తెలియదు. బలం తెలిసిన ద్రావణం ఒక చుక్క ముందుగా చూపించి, ఇదిగో ఇంత గుట్టకి వంద అని మనమే చెప్పాలి. దాన్ని ప్రామాణికం అంటారు. మాది అమ్మ సీసాలో ఉంటుంది.

ఒడ్డు నుంచి సామాన్లు వచ్చే కాలంలో, మూతి కరిగించి మూసిన గాజు గొట్టాల్లో ప్రామాణికాలు వచ్చేవట. ఆఖరి గొట్టాన్ని మాస్టారి గురువుగారు విరిచి అమ్మ సీసాలో పోశారు. అప్పటి నుంచి ఆ సీసా ఖాళీ అవలేదు. గది వేడికి కొంత ఆరుతుంది, వాడకానికి కొంత పోతుంది. ప్రతి పౌర్ణమికీ మాస్టారు పిల్ల సీసాలోంచి పోసి గీత దాకా నింపుతారు. పిల్ల సీసాలోది మేమే ఆకు నుంచి తీసిన ఆమ్లం. అమ్మ సీసాతో పోల్చి, సరిగ్గా వంద చూపించేదాకా సరిచేసి పెడతాం. ఇంట్లో ఎప్పుడూ ఖాళీ చెయ్యని తరవాణి కుండ ఎలాగో ఇక్కడ అమ్మ సీసా అలాగ. కుండ అడుగు చూసిన కొంప నిలవదని, సముద్రం మీద తేలే మా ఊరు ఏడో లంగరులో సామెత.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన ఎర్రన్న పానకం కలుపుతున్నాడు.

"ఒలే రత్నం, పడిపోయినాదే! పెసరగింజంత!"

"ఏటి మావా, పెళ్ళికొడుకులాగ మురిసిపోతన్నావు?"

"మురవకేటి? మా నాయనకి బతుకంతా కలిపి ఒకటే పడింది. నాకిది మూడోది."

రాయి పడిన ఇంటివాళ్ళు వరసగా నాలుగిళ్ళకి పానకం పంచి, రాయిని సముద్రంలో విసరాలి. దాచుకుంటే తిరిగొస్తుందంటారు. మా తొమ్మిదేళ్ళ ముత్యాలు ఆ రాయిని గుప్పిట్లో పట్టుకుని ఊరి అంచు కటకటాల దాకా పరిగెత్తి, చెయ్యి ఊడొచ్చేంత గట్టిగా విసిరింది. నీళ్ళు తక్కువ తాగే జనానికి రాళ్ళు మామూలే అనుకుంటూ నేనూ పానకం తాగాను.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి. ఎండ ఉంది.

పక్క ఊరు మూడో లంగరుకి మేం పంపిన ఆకు బస్తాలు అదే పడవలో వెనక్కి వచ్చాయి. మీ ఆకులో ఆమ్లం నూట రెండు ఉంది, మాకొద్దు అన్నారట. అది మా రెండో తొట్టి ఆకు. నేను డెబ్బై రెండు అని జెండా కట్టిన ఆకు.

సరంగు అప్పలసూరి మా ఊరికి పెద్ద, ఇక్కడ తిండి, నీళ్ళు, పడవలు అన్నీ అతని మాట మీద నడుస్తాయి. బస్తాలు చూసి మెట్ల మీదే అరుపులు మొదలెట్టాడు.

"మూడో లంగరోల్లు మనకి పాఠాలు సెప్తారేటి? ఆల్ల సీసా నీల్లయిపోయుంటాది. మన అమ్మ సీసా ఏనాడన్నా తప్పు సెప్పినాదా మాస్టారూ?"

మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఆయన తరఫున నేనే నోరు చేసుకున్నాను. ప్రామాణికం పలచబడితే లెక్క ఎక్కువ చూపిస్తుందని, వాళ్ళ గదిలో జరిగింది అదేనని, పడవవాడికి అర్థమైనా కాకపోయినా గట్టిగా చెప్పి పంపాను. నా అంకెల్ని ఎవరన్నా వేలు పెట్టి చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం ముత్యాలు నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చింది. వలల దగ్గర జారి ఉంటుందని నూనె రాశాను.

జ్యేష్ఠ పౌర్ణమి. మబ్బు, ఎండ.

నూనెకి తగ్గే నొప్పి కాదు అది. పొద్దున మూత్రంలో నెత్తురు కనిపించింది. డాక్టరమ్మ సుగుణమణి దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తాను.

ఆవిడ స్కానింగు తెర మీద చూసింది. "రెండు పక్కలా రాళ్ళున్నాయి రత్నం. ఎడమ పక్కది దారికి అడ్డం పడి, మూత్రపిండం వాచిపోతంది. కుడిది ప్రస్తుతానికి పనిచేస్తంది. ఈ ఏడు చిన్నపిల్లలకే వస్తన్నాయి, ఎందుకో అంతు చిక్కట్లేదు. నీ అంకెలు చూస్తే ఆకు బాగానే ఉందాయె."

నీ అంకెలు అన్న మాట దగ్గర నాకు వెనక్కి వచ్చిన బస్తాలు గుర్తొచ్చాయి. పిల్లకి ఆకు ముట్టించొద్దంది. వాటాకి వచ్చే బియ్యం ముగ్గురివీ కలిపి దానికే పెడితే ఎన్నాళ్ళొస్తాయో లెక్క వేసుకుంటూ ప్రయోగశాలకి వెళ్ళాను. రెండో తొట్టిని మూడుసార్లు నడిపాను. డెబ్బై రెండు, డెబ్బై ఒకటి, డెబ్బై రెండు. ఇలాంటప్పుడు అంకె మారితే బాగుండునని కోరుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఇవాళ నింపే రోజు. మాస్టారు చేతులు కడుక్కుని, అమ్మ సీసాని మెత్తటి గుడ్డతో తుడిచి, పిల్ల సీసా వంచారు. గీత దాకా వచ్చింది. ఎన్నో పౌర్ణములు పక్కన నిలబడి చూసిందే, మాస్టారికి జ్వరమొస్తే నేనే స్వయంగా పోసిందే. కానీ ఇవాళ నా మనసు ఇంటి పొయ్యి మీద ఉంది, పిల్లకి చారు కాచాలి కదా అని. చారు మరిగి చిక్కబడితే నీళ్ళు పోస్తాం గాని మళ్ళీ చారే పోస్తామా? ఉప్పయిపోదూ?

అలా అనుకున్నదాన్ని అలాగే బల్ల పట్టుకుని నిలబడిపోయాను. గది వేడికి ఆరేవి నీళ్ళు. ఆకు ఆమ్లం ఆరదు, అది సీసాలోనే ఉండిపోతుంది. ఆరిన నీళ్ళ బదులు మేం ఆమ్లం కలిపిన నీళ్ళు పోస్తున్నాం. చిక్కబడిన అమ్మతో పోల్చి పిల్లని తయారు చేస్తున్నాం, ఆ పిల్లని తెచ్చి మళ్ళీ అమ్మలో పోస్తున్నాం. మాస్టారి గురువుగారి కాలం నుంచీ ఇదే వరస. వంద అని మేం యంత్రానికి చూపిస్తున్నది ఇప్పుడు ఎంతో దేవుడికే తెలియాలి. ఎంతైనా దాన్ని వందే అంటున్నాం కాబట్టి, ఆకులో ఉన్న ఆమ్లం దాని పక్కన తక్కువగా కనిపిస్తోంది.

మూడో లంగరువాళ్ళ సీసా సరైనదే కావచ్చు. నా నోటికి తాళం వెయ్యాలి.

జ్యేష్ఠ బహుళ విదియ. మబ్బు.

మాస్టారికి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కోప్పడలేదు. సీసాని దగ్గరికి జరుపుకుని, "మా గురువుగారు పోశారు, నేను పోశాను, నువ్వూ పోశావు," అన్నారు. తిలాపాపం తలా పిడికెడు. తర్వాత ఆయనలోని మాస్టారు మేలుకున్నారు.

"చెప్పినంత మాత్రాన సరిపోదమ్మా. అమ్మ సీసా తప్పని దేనితో కొలిచి చూపిస్తావు?"

బల్ల మీది సీసాలన్నీ వరసగా చూశాను. క్షారంతో కొలుద్దామంటే ఆ క్షారం బలాన్ని కూడా అమ్మ సీసాతోనే నిర్ణయించాం. పిల్ల సీసా దాని కూతురే. ఈ గదిలో బలం తెలిసిన ప్రతి ద్రావణం ఆ సీసాకి బంధువే. మూడో లంగరుది తెప్పిద్దామంటే, వాళ్ళది నిజమని మాత్రం ఎవరు హామీ ఇస్తారు? ఇంట్లో రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తే, రెంటిలో ఏది సరైనదో మూడోది లేకుండా తేలదు.

ఇద్దరం సరంగు దగ్గరికి వెళ్ళాం. ఆషాఢ పౌర్ణమికి మూడు తొట్ల ఆకూ ఇంటింటికీ పంచేస్తారు. వానల నాలుగు నెలలూ అదే తిండి, ఓడ రాదు. పంచకముందే ఆపమన్నాను.

"ఆపీసి జనానికి ఏటి పెట్టమంటావు, రాళ్ళా?" అన్నాడు సరంగు. తర్వాత గొంతు తగ్గించాడు. "సూడమ్మా, పిల్లకి బాగోలేదని నీకు బెంగ. నాకు తెల్దేటి? నిజం నిలకడ మీద తెలుస్తాది. రుజువు తే, ఆపీస్తాను. ఒట్టి అనుమానానికి ఊరిని పస్తు పెట్టలేను."

అతను అన్నది అన్యాయం కాదు. అందుకే మరీ ఏడుపొచ్చింది. తొట్లు ఆపితే ఆకలి, ఆపకపోతే రాళ్ళు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. ముత్యాలు కుడి మూత్రపిండం ఒక్కటి పాడవకుండా ఉంటే చాలని మొక్కుకుంటూ ఇంటికొచ్చాను.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి. ముసురు. యంత్రం గంటసేపే నడిచింది.

నాలుగు రోజుల చాకిరీ మట్టిపాలైంది. ఆకు ఆమ్లం సున్నంతో కలిస్తే తెల్లటి పొడిగా అడుక్కి దిగుతుంది. ఆ పొడిలో ఆమ్లం ఎంత పాలో ఎప్పటికీ మారదు. పొడిని ఆరబెట్టి తూకం వేస్తే ఏ సీసా సాయమూ లేకుండా నిజమైన వంద తయారవుతుంది. మా తక్కెడ మీద నాకు అనుమానం లేదు, తూకపు గుండ్లు తుప్పు పట్టని ఉక్కువి. ఉపాయం బాగుందని మాస్టారు నన్ను మెచ్చుకున్నారు కూడా.

తీరా చేస్తే ఆకు రసంలోని టార్టారిక్, సిట్రిక్ లాంటి తక్కిన ఆమ్లాలు కూడా సున్నాన్ని పట్టుకుని కిందికి దిగాయి. పొడి గోధుమరంగులో, జిగురుగా వచ్చింది. ఒక విడత బరువు ఒకలా ఉంది, రెండో విడత ఇంకోలా. పిల్ల సీసాలోదీ ఆ ఆకు సరుకే కదా, దాందీ అదే తంతు. కడిగిన కొద్దీ తరుగుతుంది గాని తెల్లబడదు.

"ఇందులో నీ ఆమ్లమెంత, చెత్త ఎంత?" అన్నారు మాస్టారు. 

ముత్యాలు ఇవాళ రెండుసార్లు వాంతి చేసుకుంది.

జ్యేష్ఠ అమావాస్య. వాన.

పిల్లని చూడ్డానికి డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. ఎర్రన్న ఆవిణ్ణి ఊరికే ఉండనివ్వడు కదా, అసలీ రాయి దేంతో అవుతాదమ్మా అని అడిగాడు.

"ఏముంది, ఆకు ఆమ్లమూ, ఒంట్లో ఉండే సున్నమూ. ఒంట్లో ఉన్న లక్ష సరుకుల్లోంచి ఆ రెంటినీ ఏరుకుని, పొరమీద పొర కట్టుకుంటుంది."

నేను చేతిలో ఉన్న గిన్నె కింద పడేశాను. తొట్టి చెయ్యలేనిది, నా జల్లెడ గుడ్డ చెయ్యలేనిది, మనిషి ఒళ్ళు ఎప్పుడో చేసి పెట్టింది. ఏరి, కడిగి, గట్టిపరిచి ఇచ్చిన ఆకు ఆమ్లం! అందులో మురికి లేకపోలేదు, కానీ ఒక్కసారి కరిగించి మళ్ళీ దించితే పోయేంతే.

రాళ్ళు కావాలి. ఇంటింటికీ తిరిగాను. ఇంతమందికి రాళ్ళు పడిన ఊళ్ళో ఒక్కరి దగ్గరా రాయి లేదు! ఎలా ఉంటుంది, పానకం తాగి, కటకటాల దగ్గరికి వెళ్ళి అందరం విసిరేశాం కదా. మొన్న మా ఆయన రాయిని నా కళ్ళముందే ముత్యాలు పారేసింది. ముందుముందు పడితే ఇమ్మని అడిగితే తలుపులు వేసుకున్నారు.

"దాస్తే తిరిగొస్తాది తల్లీ. నీకు దణ్ణం పెడతాను, మా ఇంటిది అడక్కు," అంది వంతెన పక్కింటి ముసలమ్మ.

నాకు మూఢనమ్మకాలు లేవని మాస్టారి దగ్గర గొప్పలు పోతాను గాని, ఆ మాట విన్నాక నేనూ ఇంకో తలుపు తట్టకుండా ఇంటికొచ్చేశాను.

ఆషాఢ శుద్ధ షష్ఠి. వాన.

ముత్యాలుకి ఇవాళ ఆపరేషన్ చేశారు. ఇంక ఆగితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ నిన్న చెప్పింది. లోపల ఉన్నంతసేపూ ఎర్రన్న గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు.  నేను మాత్రం ఆగకుండా మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

రాయి వచ్చింది. చింతగింజంత ఉంది. పిల్ల బతికింది. "కుడిది ఫర్వాలేదు. ఎడమది మాత్రం చెప్పలేను రత్నం," అంది డాక్టరమ్మ, కళ్ళు దించుకుని.

రాయిని చిన్న గాజుబుడ్డిలో వేసి నా చేతికిచ్చింది. ఒక్క రాయే, నాకు కావలసినంత బరువు. నా కూతురి ఒంట్లోంచి వచ్చిందని తెలిసీ నా కళ్ళు ముందు దాని బరువునే అంచనా వేశాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ముత్యాలు కళ్ళు తెరవగానే అడిగిన మాట ఇది.

"అమ్మా, నా రాయి ఏదీ? నానే ఇసురుతాను."

"ఇంకొన్నాళ్ళు నాకు ఇయ్యవే. పని ఉంది."

"దాస్తే మల్లీ వస్తాదంటగదా?"

పక్కనే ఉన్న ఎర్రన్న నా వైపు చూశాడు. ఒగ్గీయే, పారేసీ అని ఆ చూపు. చంద్రుడు నిండేలోపు ఇంకో రాయి దొరకదని అతనికీ తెలుసు. పిల్ల చెయ్యి పట్టుకుని చెప్పాను.

"రాదు. పని అయిపోయాక నీ చేతే సముద్రంలో వేయిస్తాను. అమ్మ మాట."

"నిజంగా?"

"నిజంగా."

అది నమ్మింది. నేనే పూర్తిగా నమ్మలేదు. ఒకవేళ కుడి పక్కకి ఏమన్నా అయితే, రాయి దాచిన తల్లిని నేనే కదా అని జీవితాంతం కుమిలిపోవాలి. ఆ భయంతోనే బుడ్డిని చీరకొంగులో ముడేసుకుని ప్రయోగశాలకి వెళ్ళాను.

ఆషాఢ శుద్ధ ఏకాదశి. మధ్యాహ్నం ఎండ వచ్చింది.

రాయిని నూరడం నా చేత కాలేదు. కల్వం ముందు కూచుని బండ ఎత్తి దించేశాను. మాస్టారు వచ్చి నా చేతిలోంచి అందుకున్నారు. "నువ్వు అటు తిరుగమ్మా," అన్నారు. కరకరమని చప్పుడు వినిపించింది.

ఘాటైన ఆమ్లంలో కరిగించి, మురికిని వడకట్టి, అమోనియాతో మెల్లగా విరిచాం. ఈసారి పొడి తెల్లగా దిగింది. తెలుపంటే తెలుపు, సుద్దలాగ. కడిగాం, పొయ్యిపెట్టెలో ఆరబెట్టాం. మబ్బులతో కరెంటు వస్తూ పోతూ ఉంటే ఆరడానికే రోజులు పట్టాయి. తూకం వేసి, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ వేశాం. బరువు కదలలేదు. ఆ పొడిలో ప్రతి నూరు పాళ్ళకీ అరవై ఒకటిన్నర చిల్లర ఆకు ఆమ్లం. అది ఒకళ్ళు నిర్ణయించేది కాదు, ఎవరి సీసాకీ చుట్టం కాదు. ఆ లెక్కన తూచి, ఘాటు ఆమ్లం కలిపిన నీళ్ళలో కరిగించి, నికార్సయిన వంద తయారు చేశాం.

మధ్యాహ్నం మబ్బు విడింది. యంత్రానికి పాత అలవాటు ప్రకారం ముందు అమ్మ సీసా చుక్క పెట్టి, ఇది వంద అని చెప్పాం. తర్వాత ముత్యాలు రాయి చుక్క పెట్టాం. గుట్ట లేచింది. అసలైన వంద చుక్కని చూసి యంత్రం చెప్పిన అంకె డెబ్బై ఒకటి.

మాస్టారు ఇంకోసారి పెట్టారు. డెబ్బై ఒకటి. మరోసారి పెట్టబోతూ సూది కింద పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు.

అంటే అమ్మ సీసా బలం నూట నలభై. నేను డెబ్బై రెండు అని జెండా కట్టిన తొట్టిలో ఉన్నది నూట ఒకటి. మూడో లంగరువాళ్ళు ఒక్క అంకె తేడాతో నిజం చెప్పారు. కంచే చేను మేసినట్టు, కాపలా కాయాల్సిన సీసాయే ఊరందరి ఒంట్లో రాళ్ళు పేర్చింది. గెలిచాను కదా, సంతోషం రావాలి. నా కూతురికి నేనే రోజూ ముద్దలు కలిపి పెట్టాను. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆషాఢ శుద్ధ త్రయోదశి. వాన.

ఊరి సభలో సరంగు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. "నీ కొత్త వంద నిజమని మేమెలగ నమ్మాల?"

"ఇది దేంతోనూ పోల్చింది కాదు సరంగూ. తూకం వేసింది. గుండ్లు మీవి, తక్కెడ మీది, మీ ఎదటే మళ్ళీ వేస్తాను."

వేశాను. సరంగు వంగి ముల్లు చూశాడు. తర్వాత పొడి వైపు చూసి, "ఇది మీ గుంటదేనా?" అన్నాడు. అవునన్నాను. అతను తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని మనవడికీ రాళ్ళకి వైద్యం జరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది.

పంపకం ఆగింది. తొట్లకి ఎర్రజెండాలు కట్టాం. ఆకుని పారబొయ్యకుండా గుల్లసున్నం కలిపి కడిగి, రెండోసారి పులియబెట్టాలని డాక్టరమ్మ, మేము కలిసి తేల్చాం. అది ఎనభై కిందకి దిగేవరకు అందరికీ సగం తిండి, పిల్లలకి బియ్యం ముందు. జనం గొణిగారు గాని ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ తర్వాత అమ్మ సీసా పని. మాస్టారే పారబొయ్యాలని నేనన్నాను. ఆయన సీసా ఎత్తి కటకటాల దాకా వచ్చి, వంచలేక నా చేతికిచ్చారు. నేను వంచాను. సగం అయింది, ముప్పావు అయింది.

"ఒక్క చుక్క ఉంచమ్మా, తోడుకి," అన్నారు మాస్టారు.

అలవాటు ఆయన చేత అనిపించిన మాట అది. అన్న వెంటనే ఆయనకే అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అక్కడ ఎవరూ నవ్వలేదు. మా అందరి ఇళ్ళల్లోనూ తరవాణి కుండలున్నాయి. నా చెయ్యి కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టు ఆగింది. తర్వాత సీసా తలకిందులు చేసి, చివరి చుక్క రాలేదాకా పట్టుకున్నాను.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి. ఎండ బాగుంది.

ఒకటో తొట్టి అరవై నాలుగు. రెండో తొట్టి అరవై ఒకటి. మూడో తొట్టి డెబ్బై. ఈసారి నిజంగానే.

చాలా రోజులుగా ఇక్కడ అంకెలే రాశాను. ఆకలి రోజుల గురించి రాయడానికి ఓపిక లేదు. చిటికెడు పొడి మూడో లంగరుకి పంపితే, వాళ్ళ సీసాకి తొంభై తొమ్మిది వచ్చిందని కబురు పంపారు, బస్తాల సంగతి ఎత్తకుండా. నా నోటి దురుసుకి క్షమాపణ చెప్పి వచ్చాను.

ముత్యాలు ఎడమ మూత్రపిండం పోయింది. ఇంక పని చెయ్యదని డాక్టరమ్మ భాద్రపదంలో చెప్పింది. కుడిది శుభ్రంగా ఉంది, కొత్త రాయి లేదు. ఒక్కటి చాలు, ఎంతోమంది ఒక్కదానితో బతుకుతారు అంటుంది ఆవిడ. నేనూ అదే అంటాను, అందరితోనూ. ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం రోజూ కట్టిన ఆ ఆకుపచ్చ జెండాలు గుర్తొస్తాయి.

కొత్త సీసాకి మేం పెట్టుకున్న నియమం ఒకటే. దాంట్లో మళ్ళీ పొయ్యకూడదు. మూడు నెలలు నిండితే ఎంత మిగిలినా పారబోసి, కడిగి, పొడి నుంచి మళ్ళీ తూచి కలపాలి. ఇవాళ్టితో గడువు అయింది. సీసాలో ఇంకా సగం ఉంది. దాన్ని పట్టుకుని ముత్యాలుని పిలిచాను. వెనకాల ఎర్రన్న పానకం బిందెతో వచ్చాడు, వాళ్ళ వెనకాల మాస్టారు.

"నా రాయేనా ఇది? నీల్లలాగున్నాది," అంది ముత్యాలు.

"నీదే. కరిగించాం. ఇచ్చిన మాట ప్రకారం నువ్వే వెయ్యి."

"అంతా ఇందులోనే ఉందా?"

"లేదమ్మా. పొడి ఇంకా కొంచెం గదిలో ఉంది. అది ఊరికి కావాలి. మూడు నెలలకోసారి ఇలాగే వద్దాం, నువ్వే పోద్దువు గాని."

 దాస్తే తిరిగొస్తుంది కదా అని అడుగుతుందేమో, ఏం చెప్పాలా అని నేను భయపడుతున్నాను. అది అడగలేదు. కటకటాల మీదికి వంగి, రెండు చేతులతో సీసా వంచింది. చివర్న మా ఇంట్లో తరవాణి కుండ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో ఒక గుక్కెడు మిగిల్చి, నా వైపు చూసింది.

"అంతా," అన్నాను.

తలకిందులు చేసి, అడుగు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. ఎండకి ఎత్తి ఒక కన్ను మూసుకుని లోపలికి చూసింది.

"అడుగు కనిపిస్తందమ్మా," అంది.

మాస్టారు చెయ్యి చాచి సీసా అందుకున్నారు, కడగడానికి. ఎర్రన్న పానకం పంచాడు.